నేను మార్పించని కెపాసిటర్లు

మా ఆంప్లిఫయర్ మూతకు ఆరు స్క్రూలు ఉండాలి. మా ఇంట్లో ఎప్పుడు చూసినా రెండే బిగించి ఉండేవి. మిగతా నాలుగు వంటింట్లో పోపు డబ్బాలో, మెంతుల గిన్నె పక్కన ఉండేవి. మళ్ళీ తెరవాల్సి వస్తుందని బిగించేటప్పుడే మా ఆయనకు తెలుసు. ఒకరోజు మెంతులతో పాటు ఒక స్క్రూ కూడా నూనెలో పడి చిటపటలాడేదాకా నాకు తెలియలేదు.

మాది సూర్యాపేటలో మేడమీద కిరాయి ఇల్లు. నేను సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయనది నీటిపారుదల శాఖలో ఉద్యోగం. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు మనిషి ఇంట్లో ఉండడు, వదలనప్పుడు ఆంప్లిఫయర్ ముందు నుంచి లేవడు. ఆ ఆంప్లిఫయర్ నిజానికి మా అత్తమ్మది. మిర్యాలగూడలో నర్సుగా పనిచేసే రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న సెట్టు. బియ్యం బస్తాలా బరువుండే పెట్టె ఒకటి, చెక్క స్పీకర్లు రెండు. పెద్ద టీవీ కొనుక్కున్నాక "నాకెందుకురా ఇది, నువ్వే తీస్కపో" అని కొడుక్కి ఇచ్చేసింది. మా ఇంటికి వచ్చేనాటికి అది ఆన్ చేయగానే గుయ్యిమని మూలిగేది.

మా ఆయన ఫోన్లో వీడియోలు చూశాడు. మూత తీసి, లోపల ఉబ్బిపోయిన రెండు పెద్ద కెపాసిటర్లను చూపించాడు. కరెంటును పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే గుండ్రటి డబ్బాలట అవి. వాటిని పీకి కొత్తవి అతికించాడు. మూలుగు ఆగిపోయింది. మా కొంప మునిగింది అక్కడే. ఆ మొదటి పని చెడిపోయి ఉంటే ఆయన సెట్టును అటక మీద పెట్టేసేవాడు, నేను దాని మీద పాత దుప్పట్లు పెట్టుకునేదాన్ని. పని అయ్యేసరికి ఆయనకు లోపలున్న ప్రతి ముక్కా అనుమానంగా కనిపించడం మొదలైంది. ఒక నెల వాల్యూమ్ కంట్రోల్ మారింది. ఇంకో నెల లోపలి వైర్లన్నీ మారాయి. పార్శిళ్ళు తెచ్చే అతను మెట్లెక్కడం మానేసి కింద నుంచే "సార్, మీ సామాను!" అని కేకేసేవాడు. సోల్డరింగ్ పొగ, పోపు పొగ కలిసిపోయి, మా ఇంట్లో ఏది మాడుతుందో ముక్కుతో చెప్పడం కష్టమైపోయింది.

అసలు బాధ పొగ కాదు, పరీక్ష. ముక్క మార్చిన ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. హాల్లో టేపు పెట్టి కొలిచి, రెండు స్పీకర్లకూ సమానమైన దూరంలో సుద్దతో గుర్తు గీసి, దాని మీద కుర్చీ వేసేవాడు. సుద్దముక్క మా బడిదే.

"టీచరమ్మా, జర గిట్ల వచ్చి కూసో. కండ్లు మూస్కో. ఇప్పుడు ఇను. తేడా ఏమన్న తెలుస్తుందా?"

"లేదు."

"సరిగ ఇను. తబలా ఎనకకు పోలే? గొంతు ముందటికి రాలే?"

"తబలా ఏడికీ పోలే. పాలు పొంగుతున్నయ్, నేనే పోవాలె."

అంతే, మూడు రోజులు మాట ఉండేది కాదు. పచ్చడన్నం తిన్నా, పప్పన్నం తిన్నా ఒకటే మొహం. ఇది నాలుగైదుసార్లు అయ్యాక నాకు విసుగొచ్చింది. ఒక ఆదివారం కళ్ళు మూసుకుని కూర్చుని, కాసేపు తల ఊపి, "ఆఁ, గొంతు జర దగ్గరికి వచ్చినట్టుంది" అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయన మొహం వెలిగిపోతోంది. మర్నాటికి ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది, నా చెవి మామూలు చెవి కాదని.

అప్పటినుంచి నాకు అబద్ధాల మీద మోజు పుట్టింది. "పాట చుట్టూ గాలాడుతున్నది" అనేదాన్ని. "అంచులు నున్నగైనయ్" అనేదాన్ని. ఒకసారి ఏమీ తోచక "వేడన్నంల నెయ్యి పోసినట్టున్నది" అంటే, ఆయన లేచి వెళ్ళి ఆ మాటను ఫోన్లో రాసి పెట్టుకున్నాడు. బడిలో పిల్లలు అబద్ధం చెబితే గోడ కుర్చీ వేయించేదాన్ని, ఇంట్లో మాత్రం ఇదీ నా సంగతి. పైగా నేను మెచ్చుకున్న కొద్దీ పార్శిళ్ళు పెరిగాయి. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఆ ఏడాది వానాకాలంలో ఆయనకు కొత్త బాధ పట్టుకుంది. "ఎడమ పక్క లోపలికి గుంజుకపోతున్నది" అన్నాడు. ఆయన పరీక్షకు వాడే పాట ఒకటుంది. మిర్యాలగూడ చర్చిలో అత్తమ్మ వాళ్ళ బృందం ఎప్పుడో పాడినప్పటి రికార్డింగు. కుడి వైపు మగవాళ్ళు, ఎడమ వైపు ఆడవాళ్ళు నిలబడి పాడారు. ఆ ఆడవాళ్ళ గొంతులు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు ఉన్నాయని ఆయన గోల. నాకు గోడా వినిపించలేదు, అవతలా వినిపించలేదు. దీనికి మందుగా ఆయన ఒక జాబితా రాశాడు. పాట నడిచే దారిలో ఉన్న చిన్న కెపాసిటర్లన్నీ మార్చాలి, ఐసీ అనే నల్ల చిప్పు ఒకటి తీసి మంచిది పెట్టాలి. సామాను తెప్పించాడు. కానీ అంతకుముందు నెలే బోర్డు మీద ఒక రాగి గీతను కాల్చేసి, దాన్ని సన్న తీగతో అతికేసరికి చెమటలు పట్టి ఉన్నాయి. కాబట్టి ఈసారి పని కోదాడలో బస్టాండు వెనక ఉన్న ఒక మెకానిక్ చేత చేయించాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే కాలువకు నీళ్ళు వదిలారు, ఆయన త్రిపురారం వైపు గట్ల మీద తిరగాల్సి వచ్చింది. నాకేమో కోదాడలో రెండు రోజుల టీచర్ల శిక్షణ పడింది.

"నువ్వెట్లాగూ పోతున్నవ్ గదా" అన్నాడు.

అలా నేను బస్సులో ఆంప్లిఫయర్‌ను ఒళ్ళో పెట్టుకుని, కొత్త ముక్కల కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. దుప్పటి చుట్టి ఉన్న దాన్ని చూసి కండక్టర్ "ఏందమ్మా, కుట్టు మిషనా?" అన్నాడు. "కాదు, మా సవతి" అన్నాను. అతను టికెట్ చించి ఇచ్చి మళ్ళీ నా వైపు చూడలేదు.

సగం దారిలో తొడలు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరిలోనే నాకా ఆలోచన వచ్చింది. ఏ ముక్కా మార్పించకుండా, మార్పించానని చెబితే? ఈయన నిజంగా వింటున్నాడా, లేక పార్శిలు ఖరీదును వింటున్నాడా, ఒక్కసారితో తేలిపోతుంది. వెంటనే అత్తమ్మకు ఫోన్ చేశాను. వేరే ఇళ్ళలో ఎలా ఉంటుందో కానీ, నాకూ మా అత్తమ్మకూ ఆమె కొడుకు విషయంలో ఎప్పుడూ ఒకే మాట.

ఆమె అంతా విన్నది. తర్వాత ఫోన్లో నవ్వు వినిపించింది. "చెయ్యి బిడ్డా. వాని సంగతి సూద్దాం. ఆదివారం నేను గూడ వస్త. వాని మొహం జూడాలె నాకు."

మెకానిక్‌ది అరవై దాటిన వయసు. కళ్ళద్దాలు నుదుటి మీద, వాటికి ఇంకో భూతద్దం తాడుతో కట్టి ఉంది. అందరూ ఆయన్ని మాస్టారు అంటున్నారు. నేను దుప్పటి విప్పి పెట్టె బల్ల మీద పెట్టాను. ఆయన జాబితా చదివి, "అబ్బో, మీ వారు బాగా చదువుకున్నారే. రేపు సాయంత్రానికి చేసిచ్చేస్తానమ్మా" అన్నారు.

"వద్దు మాస్టారూ. మీరు ఏం చెయ్యొద్దు."

ఆయన కళ్ళద్దాలు దించుకున్నారు. నేను నా పథకం చెప్పాను. ముందు ఆయనకు అర్థం కాలేదు, అర్థమయ్యాక నచ్చలేదు.

"అదేం మాటమ్మా? పని చేయకుండా చేశానని చెప్పడమా? నలభై ఏళ్ళుగా ఈ బల్ల మీద కూర్చుంటున్నాను."

"మీ మజూరీ మీకు ముడుతది. జర సాయం చెయ్యండి. ఏడాది సంది నా ఆదివారాలన్ని గీ కుర్చీలనే గడుస్తున్నయ్."

బహుశా ఆయన ఇంట్లో కూడా అలాంటి కుర్చీలో కూర్చుని విసిగిపోయినవాళ్ళు ఎవరో ఉండి ఉంటారు. మీసాల కింద నవ్వు కదిలింది.

"మరి పీకేసిన పాత ముక్కలు ఏవని మీ వారు అడగరా అండీ?"

నాకు ఆ సంగతే తట్టలేదు. తప్పకుండా అడుగుతాడు. మాస్టారు బల్ల కింద నుంచి రేకు డబ్బా తీసి, ఏ ఏ రేడియోల నుంచి ఊడదీసినవో ఇరవై దాకా పాత కెపాసిటర్లు ఏరి కవర్లో పోశారు.

"ఇంటికెళ్ళగానే మూత తెరిచి చూడరా?"

అదీ తట్టలేదు. మా ఆయన మూత తెరవకుండా ఉండడం అంటే సూర్యుడు పడమర పొడవడమే. మాస్టారు సొరుగులోంచి ఎర్రటి కాగితం స్టిక్కర్లు తీశారు. "ఇవి రెండు పక్కలా అంటిస్తాను. ఆరు నెలల దాకా తెరిస్తే నాకు సంబంధం లేదన్నానని చెప్పండి. దుమ్ము మాత్రం తుడిచిస్తానమ్మా. కనీసం అదైనా చెయ్యనివ్వండి."

దుమ్ముకు ఒప్పుకున్నాను. మర్నాడు శిక్షణ అయ్యాక పెట్టె తీసుకుని, ఎర్ర స్టిక్కర్లు కనిపించేలా దుప్పటి చుట్టుకుని వచ్చాను. కొత్త ముక్కల కవరును బడిలో నా బీరువాలో, పాత ప్రశ్నపత్రాల కట్ట కింద దాచాను.

ఆదివారం అత్తమ్మ పొద్దున్నే దిగింది. మా ఆయన పాత ముక్కల కవరును వెలుతురులో పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"సూసినవా అమ్మా, ఎట్ల ఎండిపోయినయో! గిసొంటియి పెట్టుకొని ఇన్నొద్దులు పాటలిన్నం."

అత్తమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. నేను కిటికీలోంచి అవతలి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టాను. ఆయన స్టిక్కర్ల మీద వేలు రాసి, నిట్టూర్చి, చర్చి పాట పెట్టి, సుద్ద గుర్తు మీది కుర్చీలో తనే కూర్చున్నాడు. ఈసారి నన్ను పిలవలేదు. కళ్ళు మూసుకున్నాడు.

పాట అర నిమిషం కూడా నడవలేదు. "అబ్బ!" అన్నాడు. "వచ్చింది. ఎడమ పక్క లేచింది. గోడ కూలిపోయింది టీచరమ్మా!"

నేను వంటింట్లోకి పరిగెత్తాను. బియ్యం డబ్బా మీద తల ఆనించి, చప్పుడు రాకుండా నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. అత్తమ్మ కూడా నవ్వడానికే వస్తుందని చూశాను. ఆమె వచ్చింది కానీ నవ్వడం లేదు. గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి హాలు వైపు చెవి పెట్టింది.

"బిడ్డా, నిజంగనే ఏదో మారింది."

"అత్తమ్మా! నువ్వు గూడనా?"

"అగో, ఇను. ఎడమ దిక్కు రెండో వరసల పాడేది నేనే. ఇదివరకు నా గొంతు అందర్ల కలిసిపోయేది. ఇప్పుడు విడిగ ఇనబడ్తున్నది. నా గొంతు నాకు తెల్వదా?"

"లోపల ఏం మార్చలే అత్తమ్మా. దుమ్ము దులిపిర్రు, గంతే."

ఆమె నన్ను జ్వరం చూసే నర్సు చూపు చూసి, "నువ్వు పోయి చెవులు చూపించుకో" అని హాల్లోకి వెళ్ళిపోయింది. ఈ జబ్బు రక్తంలోనే ఉందని నేను తీర్మానించుకున్నాను.

తర్వాతి రెండు వారాలు నాకు పండగే. మా ఆయన ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మార్పుకు ముందూ తర్వాతా ఎలా ఉందో మూడు పేజీలు రాశాడు. పంపే ముందు నాకు చదివి వినిపించాడు. "కొత్త ఐసీ వల్ల లోతు పెరిగింది" అన్న చోట నేను నీళ్ళు తాగడానికి లేచాను. బీరువాలో ఆ ఐసీ తొమ్మిదో తరగతి త్రైమాసిక పత్రాల కింద నిద్రపోతోంది. బడిలో విరామ సమయంలో బీరువా తెరిచి కవరు చూసుకుని మళ్ళీ మూసేదాన్ని. తోటి టీచరు ఒకామె "అంత నవ్వుకుంటున్నవ్, అందుల ఏమున్నది?" అని కూడా అడిగింది.

ఇంతలో హాలియా నుంచి ఆయన తోటి ఉద్యోగి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. పాట విన్నాడు. తన సెట్టుకు కూడా సరిగ్గా ఇదే పని చేయిస్తానన్నాడు. "ఎల్లుండే కోదాడ పోత. ఆ మాస్టారుకు మీ పేరు చెప్పి, మీకేం మార్చిండో నాకు గవే మార్చమంట" అన్నాడు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను.

మాస్టారు ఒక టీవీ వెనక తల దూర్చి ఉన్నారు. నేను గబగబా సంగతి చెప్పి, "ఆయనొస్తే ఏం చెప్తరు? మా సెట్టుల ఏం మార్చలేదని మాత్రం అనకండి మాస్టారూ" అన్నాను.

ఆయన తల బయటికి తీశారు. స్క్రూడ్రైవర్ తుడిచి పక్కన పెట్టి, "కూర్చోండమ్మా" అన్నారు. "మీతో ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు మరి."

కూర్చున్నాను.

"దుమ్ము తుడుద్దామని మూత తీశాను కదండీ. ఎడమ వైపు లైనులో ఒక కెపాసిటర్ అడుగున కారిపోయి ఉంది. పక్కన ఒక అతుకు పగిలి, వెంట్రుకంత సందు వచ్చింది. చూశాక మూసేద్దామనే అనుకున్నాను. మీకు మాటిచ్చాను కదా. కానీ చెయ్యి ఊరుకోలేదమ్మా. అతుకు మళ్ళీ పెట్టి, ఆ ఒక్క కెపాసిటర్ నా దగ్గరున్నది వేసేశాను. పది నిమిషాల పని. కుడి వైపు ముట్టుకోలేదు, ఒట్టు."

గోడ కూలిపోయిందన్న మాట, అత్తమ్మ రెండో వరస గొంతు, నేను బియ్యం డబ్బా మీద తల పెట్టి నవ్వడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వాళ్ళిద్దరూ ఉన్నదే విన్నారు. ఎడమ వైపు అంటే ఎడమ వైపే. ఆ ఇంట్లో ఏమీ వినపడని మనిషి ఒక్కత్తే, అది నేను.

"నాకు చెప్పొద్దా మాస్టారూ?"

"ఎలా చెప్పమంటారండీ? ఆయన్ని మోసం చేయమని మీరు చెప్పారు. చేయలేక మిమ్మల్ని మోసం చేశాను" అని ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నవ్వారు. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. హాలియా ఆయనకు ఏం చెప్పాలో కూడా మాస్టారే తేల్చారు. ఆ సెట్టు తెరిచి, ఏది పాడైతే అది మారుస్తానని చెబుతారట. అంత తేలికైన జవాబు కోసం నేను సగం రోజు సెలవు వృథా చేసుకున్నాను.

అత్తమ్మకు బస్టాండు నుంచే ఫోన్ చేసి ఒప్పుకున్నాను. "చెప్పలేదా నేను?" అని ఆమె ఆ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్కల టీచర్ని అయ్యుండి కూడా లెక్క తప్పాను. "ఇగ వానికి గూడ చెప్పు. కడుపుల పెట్టుకుంటే అరగదు" అన్నది.

మర్నాడు పొద్దున ఆయన దోసె తింటుండగా చెప్పాను. బస్సులో తిమ్మిరి దగ్గర నుంచి బీరువాలో కవరు దాకా మొత్తం. ఆయన దోసె ముక్క చేతిలో పట్టుకుని కదలకుండా విన్నాడు. అరుస్తాడనుకున్నాను. మెల్లగా అడిగాడు.

"మరి గా నెయ్యి మాట? వేడన్నంల నెయ్యి పోసినట్టున్నదని అన్నవ్ జూడు. అది గూడ అబద్ధమేనా?"

తలూపాను. ఆయన మొహం పిల్లాడి మొహంలా చిన్నబోయింది. ఏడాదిగా ఆ మాటను ఎంత భద్రంగా దాచుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది. "ఇగ చెప్పను. నాకు ఇనబడకపోతే ఇనబడలేదనే చెప్త. నువ్వు అలగొద్దు మల్ల" అన్నాను.

"అలగ" అన్నాడు. ఇంకో ముక్క చట్నీలో ముంచబోయి ఆగాడు. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే టీచరమ్మా... కొత్తయి ఇంక ఎయ్యనే ఎయ్యలేదు!"

రెండో శనివారం పెట్టె, బీరువాలోని కవరు పట్టుకుని మేమిద్దరం కోదాడ పోయాం. అత్తమ్మ మిర్యాలగూడ నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. మమ్మల్ని వరసగా చూసి మాస్టారు టక్కున లేచి నిలబడ్డారు. మా ఆయన మాస్టారి రెండు చేతులూ పట్టుకుని, కారిపోయిన ఆ కెపాసిటర్ ఉంటే ఇవ్వమని అడిగి తీసుకుని, జేబులో వేసుకున్నాడు. తర్వాత మాస్టారు కొత్త ముక్కలన్నీ వేశారు, ఐసీ మార్చారు. షాపులో ఉన్న స్పీకర్లకు తగిలించి అదే పాట పెట్టారు.

"అమ్మా, ఇన్నవా? ఎంత లోతు!" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ పాటంతా విన్నది. "ఏం తేడా లేదురా. మాస్టారు ఏసిన గా ఒక్కటే పనికొచ్చింది. మిగిలినయి ఉత్తయే."

"సరిగ ఇను అమ్మా!"

"నలభై ఏండ్లు పాడిన. నాకు నేర్పుతున్నవా?"

మిక్సీ బాగు చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన మధ్యలో చిక్కుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. తల్లీ కొడుకులు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పాట మళ్ళీ వినిపించారు. ఆయన మర్యాదగా విని, "రెండూ బాగానే ఉన్నాయండీ" అన్నాడు. ఇద్దరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. మాస్టారు నాకు టీ తెప్పించారు. మేమిద్దరం బల్లకు అవతల కూర్చుని నిమ్మళంగా తాగాం. ఏడాదిలో నన్ను ఎవరూ ఏమీ వినమని అడగని మొదటి పాట అదే.

మిర్యాలగూడ బస్సు కదిలే ముందు అత్తమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. నాకు జాగ్రత్తలేమైనా చెబుతుందనుకున్నాను. ఆమె కొడుకును దగ్గరికి పిలిచి, "అది గాదురా, గా స్పీకర్ల లోపల ఏముంటది? వచ్చే నెల అవి గూడ ఇప్పి సూద్దామా?" అన్నది.